దిండు గలీబులో నీలం చొక్కా

మా ఇంట్లో ఏ వస్తువూ తిన్నగా చెత్తబుట్టలోకి వెళ్ళదు. ముందు నా చేతిలో కాసేపు ఆగాలి. సీసా అయితే మూత బిగుస్తుందో లేదో చూస్తాను. తువ్వాలైతే రెండు చేతులతో లాగి చూస్తాను. చొక్కా అయితే ముందు గుండీలు కోసుకుంటాను. మా పిల్లలకి ఇదంతా చూస్తే తలనొప్పి. "అమ్మా, దాని పనైపోయింది, ఇంక వదిలెయ్" అంటారు. కొట్లో నేను సంచీలోంచి సంచీ, అందులోంచి మరో సంచీ తీస్తుంటే, నేనెవరో ఎరగనట్టు పక్క వరసలోకి వెళ్ళి నిలబడతారు. ఈమధ్య వాళ్ళ బళ్ళోనే ఇవన్నీ మంచి అలవాట్లనీ, ఇలా చేస్తే భూమికి మేలనీ చెబుతున్నారట. వచ్చి నాకే పాఠం అప్పజెప్పారు. నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళు కూడా మండింది. నాకు ఈ అలవాట్లు నేర్పినావిడ భూమి గురించి ఒక్కసారైనా మాట్లాడగా నేను వినలేదు. ఆవిడ మాట్లాడేదల్లా గుడ్డ గురించి, నీళ్ళ గురించి, ఆర్పకుండా వదిలేసిన లైట్ల గురించి.

ఆవిడ మా మేనత్త, నాన్నకి అక్క. మెడలో ఎప్పుడూ నాడాకి కట్టిన కత్తెర వేలాడుతుండేది కాబట్టి మేమున్న భవనంలో అందరికీ ఆవిడ కత్తెరత్తయ్యే. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకునే సన్నటి వరండా మావి. వాటిలో నాన్న, అమ్మ, నేను, అత్తయ్య, అత్తయ్య కుట్టుమిషను. మిషన్ని కూడా మనిషి కింద లెక్కెయ్యక తప్పదు, ఎందుకంటే కిటికీ పక్కనున్న మంచి చోటు దానిదే. అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. నాన్నకి ఊహ తెలియకముందే వాళ్ళమ్మ పోతే, తనే ఎత్తుకుని పెంచింది. అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో "మీ అక్కగారు నన్ను కూడా మధ్యకి చీల్చి కుట్టేస్తారేమోనండీ" అని నాన్నతో అందట. నాన్న కడుపులో మాట దాగదు కదా, వెంటనే అక్క చెవిన వేశాడు. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారట.

మధ్యకి చీల్చడం అత్తయ్య ఉద్యోగం. ఆస్పత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల వెనక, బట్టల గది ఉండేది. బడి అయ్యాక నేను అక్కడికే వెళ్ళేదాన్ని. ఆవిరి, సబ్బు, ఇస్త్రీ వేడి కలిసి ఆ గది వానాకాలంలో కూడా వెచ్చగా ఉండేది. పొడుగాటి బల్ల మీద దుప్పటి పరిచి, దీపానికెదురుగా పట్టి చూసేది అత్తయ్య. "చూశావా, మనిషి పడుకునేది మధ్యలోనేగా. నలిగేదంతా నడుమే. అంచులకి పాపం పనేలేదు" అనేది. చిరుగు పట్టిన మధ్యభాగం మీదుగా నిలువునా రెండుగా చీల్చేది. గట్టిగా ఉన్న రెండు అంచుల్నీ మధ్యకి తెచ్చి కలిపి కుట్టేది. నలిగిన నడుం అంచుల్లోకి పోయి విశ్రాంతి తీసుకునేది. అలా దుప్పటి మళ్ళీ దుప్పటయ్యేది. అదీ అరిగిపోతే దిండు గలీబు, తర్వాత తువ్వాలు, తర్వాత తుడుపుగుడ్డ. చివరికి తలుపు సందులోంచి చలిగాలి రాకుండా కుట్టే పొడుగాటి దిండులో కూరుకునే పీలికలు.

ఆ గదిలో ఒక పద్ధతుండేది. వార్డుల్లో చిరిగిన బట్టల్ని ఒక పాత దిండు గలీబులో కుక్కి, మూతి ముడివేసి, బట్టల గది అలమరలో పెట్టి వెళ్ళేవాళ్ళు. మూట అలమరలోకి వచ్చిందంటే ఇంక అత్తయ్యదే. ఎవరిది, ఏ మంచం మీదిది, ఆ మనిషి ఇంటికెళ్ళాడా, పోయాడా అని అడగకూడదు. నేనొకసారి అడిగితే కళ్ళెర్రజేసింది. "ఇక్కడ గుడ్డని చూడాలంతే. అడుగుతూ కూచుంటే సూది కదలదు" అంది.

ఆ పద్ధతినే ఇంటికీ తెచ్చింది. మిషను పక్కన చిన్న అలమర. మాసి చిరిగిపోయినవి మేం దిండు గలీబులో చుట్టి అందులో పెట్టాలి. పెట్టాక అడగడాలు, బతిమాలడాలు లేవు. కొత్తలో నేను అలిగి ఒక పాత గౌను పెట్టి, మర్నాడు మనసు మారి పరిగెత్తాను. అప్పటికే అది ఉల్లిపాయల సంచీ అయి గోడకి వేలాడుతోంది. మొదటి అంతస్తు ఆవిడ మాకిచ్చిన పాత కిటికీ తెరతో నాకు లంగా కుట్టిన రోజు మరీ ఘోరం. నేను మెట్లు దిగుతుంటే ఆవిడ వాళ్ళాయన తలుపు తీసి, "ఏమేవ్, మన కిటికీ బడికి పోతోంది!" అని అరిచాడు. ఆ ఏడాదంతా నన్ను కిటికీ అనే పిలిచారు.

గుడ్డ ఒక్కటే కాదు. కూరగాయలు కడిగిన నీళ్ళు వరండాలో టొమాటో మొక్కలకి. బట్టలు జాడించిన నీళ్ళు నేల తుడవడానికి, తుడిచాక అవే మరుగుదొడ్డికి. తొక్కలన్నీ చిల్లులు పెట్టిన నూనె డబ్బాలోకి, అక్కణ్ణుంచి మట్టిలోకి. గిన్నె మీద మూత లేకుండా ఏదైనా ఉడుకుతుంటే "వీధికి వండుతున్నారా?" అనేది. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే "దయ్యానికి చదువు చెబుతున్నారా?" అనేది. నేను స్నానాల గదిలో కాస్త ఎక్కువసేపుంటే, "ఒసేయ్, నువ్వు చేపవా? మనిషివైతే బయటికి రా" అని తలుపు బాదేది. నాన్న మాత్రం ఆవిణ్ణి ఉడికించడానికని కావాలనే లైటు వేసి వదిలేసేవాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచేది. ఆ ఇంట్లో నాకు బాగా గుర్తున్న చప్పుడు అదే, లైటు స్విచ్చు టక్కుమనడం, వెనకే నాన్న నవ్వు.

నాన్న బస్సు డ్రైవరు. నీలం యూనిఫాం, పొడుగు చేతుల చొక్కా. ఆయన చొక్కాలన్నిటికీ ఒకటే తీరు. కిటికీ వైపు చెయ్యి ఎండకి వెలిసి లేత నీలమైపోయేది, రెండోది ముదురుగానే ఉండేది. "రెండు చొక్కాలు కలిపి కుట్టావా అక్కా?" అని ఆయనే వెక్కిరించేవాడు. సాయంత్రం వచ్చి ఆ చొక్కా విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించేవాడు. ఒక రోజు వేసుకున్నది మర్నాడు ఉతుక్కి వెళ్ళేది.

ఒక పొద్దున డిపోలో, బస్సెక్కే ముందు, చేతులు కడుక్కుంటూ అక్కడే కుప్పకూలిపోయాడు. గుండె అన్నారు. అంతకు ముందురోజు విప్పిన చొక్కా తలుపు వెనక కొక్కేనికి అలాగే ఉంది.

మిగతా చొక్కాలన్నీ అమ్మే తీసి అత్తయ్య చేతికిచ్చింది. అవి డిపోలో వాళ్ళకి చేరాయి. ఆ ఒక్క చొక్కా మాత్రం కొక్కెం మీంచి మాయమైంది. అత్తయ్య అది గమనించింది. అమ్మ దాన్ని ఉతకకుండా అలాగే చుట్టి, ఒక దిండు గలీబులో పెట్టి, మూతి ముడివేసి, బీరువా మీద పెట్టెల వెనక దాచింది. అప్పుడప్పుడూ కుర్చీ ఎక్కి మూట దింపుకుని, ముడి విప్పి, మొహం అందులో పెట్టుకునేది. నేను నిద్ర నటిస్తూ చూసేదాన్ని. గాలి ఎక్కువ తగలకూడదని వెంటనే ముడి బిగించేసేది. అప్పటినుంచీ అమ్మ బస్సెక్కడం మానేసింది. బేకరీలో ఆవిడ పని. అంత దూరమూ నడిచే వెళ్ళేది, నడిచే వచ్చేది.

ఏడాది తిరిగిందో లేదో, భవనమంతటికీ రంగులు వేయించారు. మా వంతు వచ్చిన రోజు నేను బళ్ళో, అమ్మ బేకరీలో, అత్తయ్య ఆస్పత్రిలో. పనివాళ్ళు సామానంతా గది మధ్యకి లాగి, బీరువా మీదవి కిందికి దింపారు. మూటలాంటిది కనిపిస్తే, మూటలున్న అలమరలోనే పెట్టారు. వాళ్ళని అనడానికేముంది, చూడ్డానికి అది దాని చోటే.

అత్తయ్య ముందుగా ఇంటికొచ్చింది. అలమరలో కొత్త మూట చూసి, ముడి విప్పింది.

ఆవిడ ఏమనుకుందో చాలా ఏళ్ళకి నాకు చెప్పింది. "మీ అమ్మకి ఇన్నాళ్ళకి మనసు కుదుటపడిందనుకున్నానే. నోటితో చెప్పలేక ఇలా పెట్టిందనుకున్నాను. అడిగితే మళ్ళీ ఏడుస్తుందేమోనని అడగలేదు." మూట అలమరలోకి వస్తే అడగకూడదు. ఆవిడ బతుకంతా నమ్మిన పద్ధతి అది. కాసేపు చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూచుందట. పెంచిన తమ్ముడి చొక్కా. తర్వాత లేచి, గుడ్డ కోసేముందు ఎప్పుడూ చేసేదే చేసింది. శుభ్రంగా ఉతికి ఆరేసింది.

ఎండాక నాలుగు సంచులు కుట్టింది. ముందుభాగం జేబుతో సహా ఒకటి, వీపు ఒకటి, రెండు చేతులూ పొడుగాటి సంచులు. మామూలుగా అయితే ఇలాంటి సంచుల్ని వీధిలో కొట్లకి పంచేది. వీటిని మాత్రం స్వయంగా తీసుకెళ్ళింది. జేబున్నది బస్టాపులో పత్రికలమ్మే తాతకి, వీపుది టీకొట్టు ఆవిడకి, ముదురు చెయ్యి డిపోలో మెకానిక్కి పనిముట్లు పెట్టుకోవడానికి, వెలిసిన చెయ్యి కండక్టర్ బాబాయికి నీళ్ళసీసా పెట్టుకోవడానికి. కండక్టర్ బాబాయంటే ఏళ్ళ తరబడి నాన్నతో ఒకే బస్సులో తిరిగిన మనిషి. "వాడు రోజంతా తిరిగేవాడు కదా, వాడి చొక్కా కూడా తిరగనీ" అనుకుందట అత్తయ్య. అమ్మకి ఎప్పుడో, ఆవిడ మామూలుగా ఉన్న రోజు చూసి చెబుదామనుకుంది.

రంగులు ఆరి, సామాను మళ్ళీ సర్దుకున్నప్పుడు అమ్మ కుర్చీ ఎక్కింది. పెట్టెల వెనక చెయ్యి పెట్టింది. పెట్టెలన్నీ దింపింది. తర్వాత మిషను దగ్గరికొచ్చింది. అక్కడ ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఖాళీ దిండు గలీబుంది.

"వదినా, ఇందులో చొక్కా ఏది?"

అత్తయ్య సంతోషంగానే మొదలుపెట్టింది. "అదేనమ్మాయ్, నీకు చెబుదామనే అనుకుంటున్నాను. ఎంత బాగా వచ్చాయనుకున్నావ్..."

"ఉతికారా?"

అత్తయ్యకి అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్న గుడ్డ జారిపోయింది.

"ఉతికారా వదినా?" అని మళ్ళీ అడిగింది అమ్మ. కోశారా అని అడగలేదు. ఎవరికిచ్చారని అడగలేదు. అత్తయ్య తలూపింది. అమ్మ ఆ ఖాళీ గలీబు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కింద పడేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను అమ్మ ఏడుపు అంతకు ముందు విన్నాను, నాన్న పోయినప్పుడు. ఇది అంతకంటే గట్టిగా ఉంది.

తర్వాత ఇంట్లో మాటల్లేవు. అమ్మ చెప్పేవన్నీ నా మీదుగానే. "మీ అత్తయ్యని తినమను." "మీ అత్తయ్యని తలుపేసుకోమను." అత్తయ్య పక్కనే ఉన్నా సరే, నేను మళ్ళీ ఆ మాటే పొల్లుపోకుండా చెప్పాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. లైట్లు వెలుగుతూనే ఉండేవి, అత్తయ్య ఏమీ అనేది కాదు, గోడకానుకుని చూస్తూ కూచునేది. నేనే వెళ్ళి ఆర్పేదాన్ని. ఆ ఇంట్లో నాకన్నిటికంటే భయమేసింది ఆవిడ తిట్టకపోవడం చూసే.

అత్తయ్య సంచుల కోసం తిరిగింది. ఇచ్చింది వెనక్కి అడగడం ఆవిడకి తల తీసేసినంత పని. పత్రికల తాత సంచీ జేబులోని చిల్లర గుమ్మరించి, సంచీ కళ్ళకద్దుకుని ఇచ్చాడట. టీకొట్టావిడా ఇచ్చింది, మెకానిక్కూ ఇచ్చాడు. వాటిని తెచ్చి అమ్మ మంచం మీద పెట్టింది. అమ్మ ఒక్కోదాన్నీ వాసన చూసింది. ఒకదానికి అచ్చుసిరా, ఒకదానికి టీ, ఒకదానికి గ్రీజు, అన్నిటికీ అడుగున సబ్బు. తిరిగి మిషను మీద పెట్టేసింది.

వెలిసిన చెయ్యి ఒక్కటే మిగిలింది. కండక్టర్ బాబాయికి పనివేళలు పొద్దుటికి మారాయి, అత్తయ్య ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఆయన దొరికేవాడు కాదు, ఇచ్చింది వెనక్కిమ్మని ఎవరితోనైనా కబురు పెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. అయినా సాయంత్రాలు బస్టాపులో నిలబడి వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూసేది. అలా నెల దాటింది. ఒకరోజు కుండపోతగా వాన. అత్తయ్య నీళ్ళోడుతూ ఇంటికొచ్చి, దగ్గుతూ గుమ్మంలోనే కూలబడింది. అమ్మ తువ్వాలు తెచ్చి, ఆవిడ చేతికివ్వకుండా నా మీదకి విసిరింది.

"మీ అత్తయ్యతో చెప్పు, వానలో నిలబడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దని. నా మొగుడి చొక్కా నేనే తెచ్చుకుంటానని చెప్పు."

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని బస్టాపుకి వెళ్ళింది. బస్సు వచ్చి ఆగితే మెట్టు మీద కాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. వెనకవాళ్ళు "ఎక్కమ్మా" అని గొణిగారు. లోపల్నుంచి "వదినా!" అని కండక్టర్ బాబాయి గొంతు వినిపించాక ఎక్కింది. ఆయన ముందు సీటులో వాళ్ళని లేపి మమ్మల్ని కూచోబెట్టాడు. డ్రైవరెవరో కొత్తాయన. వాన వెలిసి ఎండ ఫెళ్ళున కాస్తోంది. డ్రైవరు కిటికీ పక్కన, నాన్న నీళ్ళసీసా వేలాడే కొక్కేనికే, ఆ వెలిసిన నీలం చెయ్యి వేలాడుతోంది. బస్సు కదిలినప్పుడల్లా అదీ ఊగుతోంది.

"అక్క వెతుకుతోందని నాకు నిన్ననే తెలిసింది వదినా. తెలిస్తే నేనే వచ్చి ఇచ్చేవాణ్ణి కదా" అంటూ బాబాయి సీసా తీసేసి, సంచీ అమ్మ ఒళ్ళో పెట్టాడు.

అమ్మ దాన్ని మడత పెట్టబోయింది. అలవాటుకొద్దీ మొహం దగ్గరికి తీసుకుంది. అంతే, ఇంక దించలేదు. రెండు చేతులతో మొహానికి అదుముకుని అలాగే ఉండిపోయింది. ఏడుస్తోందనుకుని నేను భుజం పట్టుకున్నాను. ఏడవడం లేదు. ఊపిరి పీలుస్తోంది.

నేనూ ముక్కు ఆనించాను. డీజిలు, ఎండకి కాగిన గుడ్డ, దుమ్ము, టికెట్ల కాగితం, వేడెక్కిన ఇనుము. సాయంత్రం తలుపు తీయగానే నాన్న కంటే ముందు ఇంట్లోకి వచ్చే వాసన. మేం అది నాన్న ఒంటి వాసనే అనుకున్నాం ఇన్నాళ్ళూ. అందులో సగం ఈ బస్సుదే. నెల రోజులు ఆ కిటికీ పక్కన ఎండలో ఊగి ఊగి, ఉతికిన చెయ్యి మళ్ళీ నాన్న చెయ్యి అయింది. నాకు దుఃఖం ఆగలేదు. బస్సులో అందరూ చూస్తున్నా బావురుమన్నాను.

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక అమ్మ సంచీ దించి, చేత్తో సాపు చేసింది. "ఇది ఇక్కడే ఉండనీ" అంది.

"అదేంటి వదినా, నీ కోసమేగా తీశాను. తీసుకెళ్ళు."

"ఇంటికి తీసుకెళ్తే పోతుందయ్యా."

ఏం పోతుందో బాబాయికి అర్థం కాలేదు. అమ్మ సంచీ అటూ ఇటూ తిప్పి చూసింది. సీసా బరువుకి పట్టీ ఒకవైపు ఊడి, దారం వేలాడుతోంది. "ఈ ఒక్క రోజుకీ ఇవ్వు. రేపు పొద్దున్నే తెచ్చి నేనే తగిలిస్తాను" అంది. తిరిగి రావడం కూడా బస్సులోనే వచ్చాం.

సాయంత్రం అత్తయ్య ఆస్పత్రి నుంచి వచ్చి, చెప్పుల్లోంచి కాళ్ళు కూడా తీయకుండా మా మొహాలు చూసింది. నేను మధ్యవర్తిని కదా, నా పని చేయడానికి సిద్ధంగా నిలబడ్డాను. అమ్మ నన్ను పక్కకి తప్పించి, తనే వెళ్ళి సంచీ మిషను మీద పెట్టింది.

"వదినా, దీని పట్టీ ఊడిపోతోంది. కుట్టిపెట్టండి. రేపు మళ్ళీ బస్సులో పెట్టాలి."

అత్తయ్య సంచీని చూసింది, అమ్మని చూసింది. మెల్లిగా దాన్ని పైకి తీసి వాసన చూసింది. 

"ఉతక్కండి" అంది అమ్మ. "కుట్టండంతే."

అత్తయ్య కిటికీ దగ్గర కూచుని నీలం దారం వెతికి పట్టుకుంది. మాట్లాడుతూ, నడుస్తూ, సూది వైపు చూడకుండానే దారం ఎక్కించే మనిషి. దారం కొస తడిచేసి, ఎక్కించబోయి, తప్పిపోయి, మళ్ళీ ఎక్కించబోయింది. కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూసింది. అమ్మ వెళ్ళి లైటు వేసి, పక్కన కూచుని, సూదీ దారం ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఎక్కించి ఇచ్చింది.